బండి నంబరు తొమ్మిది

నీటి సరఫరా కార్యనిర్వాహక అధికారి గారికి,

అయ్యా,

విషయం: గేటు ముందు నిలబడి ఉన్న మనిషిని పనికి రాలేదని నమోదు చేయడం గురించి.

ఈ నెల 3వ తేదీ సోమవారం ఉదయం 7.50కి నన్ను గైర్హాజరుగా నమోదు చేశారు. అప్పుడు నేను గేటుకు రెండడుగుల దూరంలో ఉన్నాను. నేటితో పదమూడు పనిదినాలు అలాగే పడ్డాయి. పదిహేను పడితే ఉద్యోగం వదిలేసినట్టు లెక్క. పదిహేనోది బుధవారం.

1. ఒకటో తేదీన తమరు నడిచి వచ్చేవారి చిన్న గేటుకు తాళం వేయించి, పెద్ద గేటుకు లేచే కర్ర బిగించారు. బండి నంబరు కొడితేనే కర్ర లేస్తుంది, హాజరు పడుతుంది. కాపలా ఆయన నంబరు అడిగారు. బండి లేదన్నాను. "ఏదో ఒకటి చెప్పన్నా, వెనక కార్లు ఆగాయి" అన్నారు. నా బూట్ల సైజు చెప్పాను. తొమ్మిది కొట్టారు. కర్ర లేచింది.

2. మూడో తేదీన తొమ్మిదో నంబరు బండిని ఆపేశారు. దాని రిజిస్ట్రేషన్ కాగితాలు చూపమని నాకు మెమో వచ్చింది. ఆ బండి ప్రస్తుతం నా కాళ్లకు ఉంది. కొని తొమ్మిదేళ్లయింది. నాలుగుసార్లు అడుగులు మార్పించాను. పైతోలు ఇంకో అయిదేళ్లు ఆగుతుందని కుట్టే ఆయన అన్నారు. తమరి కర్ర పదిహేడు రోజుల్లో రెండుసార్లు ఆగిపోయింది. రెండోసారి తమరు కారు దిగి, దాని కింద నుంచి వంగి లోపలికి వెళ్లారు. అలా వెళ్లడం నేరమని పక్కనే బోర్డు ఉంది. తమరికి గైర్హాజరు పడలేదు.

3. సొంత వాహనం ఎందుకు లేదని మెమోలో అడిగారు. నాకు ఎడమ కన్ను కనిపించదు, లైసెన్సు ఇవ్వరు. ఈ సంగతి పందొమ్మిదేళ్ల కిందట ఈ కార్యాలయమే చేయించిన వైద్య పరీక్ష కాగితంలో ఉంది. ఫైలు తమ బల్ల దగ్గరే ఉంటుంది, నడవక్కర్లేదు.

4. రాని మనిషి పని మాత్రం రోజూ అందుతోంది. ఉదయం గుమస్తా గారు మీటర్ల లెక్క రాసే రౌండు పుస్తకాన్ని గేటు కమ్మీల మధ్య నుంచి ఇస్తారు, సాయంత్రం అక్కడే తీసుకుంటారు. మొన్న పుస్తకం అందిస్తూ, "నువ్వు రాలేదని నేనే రాయాలి, ఏమనుకోకు" అన్నారు. ఏమీ అనుకోలేదు. అనుకోవాల్సినది తమరి గురించి ఉంది.

5. మీటరు చూశాక మూత లోపలి వైపు మైనపు పెన్సిలుతో తేదీ, సమయం రాయడం మా రీడర్ల అలవాటు. 5వ తేదీ, 11.20. ఇది తమ ఇంటి మూత కింద ఉంది. పూలకుండీ జరిపి మూత చూపింది తమ ఇంటి అమ్మగారే. మంచినీళ్లిచ్చి, "ఇంత దూరం నడిచే వచ్చావా బాబూ? మా ఆయన వీధి చివరి కొట్టుకి కూడా కారు తీస్తారు" అన్నారు. తమరి రిజిస్టరు ప్రకారం ఆమె ఆ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు.

నా మీద విచారణ బుధవారం ఉదయం 10.30కి, కార్యాలయం లోపల. నేను హాజరు కాకపోతే మెమోలో ఉన్నదే ఖాయం చేస్తామన్నారు. లోపలికి రావడానికి బండి నంబరు కావాలి.

కాబట్టి చిన్న గేటు తాళం తీయించాలి, లేదా విచారణ గేటు దగ్గర జరపాలి. ఇది బుధవారం పదిన్నర లోపు చిత్తగించవలెను. తర్వాత చిత్తగించినా నాకు ఉపయోగం లేదు.

తమ విధేయుడు (బుధవారం వరకు),
మీటరు రీడరు, నాలుగో రౌండు
17వ తేదీ, గేటు బయట

తా.క.: తమ ఇంటి నీటి వాడకం పోయిన నెలకు మూడింతలు వచ్చింది. పెరటి గొట్టం కారుతోందని అమ్మగారికి చెప్పాను. రెండో పరిశీలన బుధవారం మధ్యాహ్నం 12.15కి ఉంది. పూలకుండీ తీయించి ఉంచండి. మూత ఎత్తేది నేనో, ఇంకొకరో పదిన్నరకి తేలుతుంది.