నా రిపోర్టులో నువ్వు కనిపించావు

ఫాల్ రివర్,
మార్చి నెలాఖరు, ఆదివారం.

చిరంజీవి బెలార్మినోకి,

మీ నాన్న వెయ్యి దీవెనలతో రాస్తున్న ఉత్తరం. చిన్నప్పుడు పొద్దున్నే లేచి "దీవించు నాన్నా" అంటూ నా చెయ్యి ముద్దుపెట్టుకునేవాడివి. "దేవుడు నిన్ను చల్లగా చూడాలి" అనేవాణ్ణి. నువ్వు వెళ్ళిపోయిన ఈ ఆరేళ్ళుగా ఆ మాట నా నోట్లోనే ఉండిపోయింది. నువ్వు అడక్కపోయినా ఇప్పుడు నేనే ముందు అనేస్తున్నాను. ఇక్కడ నేనూ మీ అమ్మా బాగానే ఉన్నాం. నువ్వూ బాగున్నావనే నా నమ్మకం.

నా బంగారు తండ్రీ, నువ్వు దొరికావు! ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఎన్ని కాగితాలు చింపానో. మీ నాన్నంత అదృష్టవంతుడు ఈ ఊళ్ళో ఇంకొకడు లేడురా.

నీ ఆఖరి కార్డులో కొన్ని సంగతులు అడిగావు. దానిమీద చిరునామా లేదు, అందుకే జవాబు ఇంత ఆలస్యం. అమ్మ మోకాలు అలాగే ఉంది. మెట్లు దిగితే ఎక్కలేదు, ఎక్కితే దిగలేదు. మన కానరీ పిట్ట పోయింది. దాని పంజరంలో ఇంకోదాన్ని పెట్టాం. ఇది పాడదు, తింటుంది. "అచ్చం నీలాగే" అంటుంది మీ అమ్మ నాతో. వెనక మెట్లకి రంగు వేశావా అని అడిగావు. వెయ్యలేదు నాయనా. ఇక వెయ్యక్కర్లేదు కూడా.

కింద ఉండే మన ఇంటి ఓనరు పోయాడు. ఆయన పిల్లలు ఇల్లు అమ్మేశారు. కొన్నవాళ్ళు ఏప్రిల్ ఆఖరుకల్లా మమ్మల్ని ఖాళీ చేయమన్నారు. మనం ఈ ఇంట్లో దిగిన రోజు ఆయన అడిగింది ఒక్కటే, "ఏ మిల్లులో పని?" అని. చెప్పాను. తాళంచెవి ఇచ్చాడు. ఇప్పుడు అలా కాదట. ఎవరి గుమ్మం తొక్కినా ముందు క్రెడిట్ రిపోర్టు చూడాలంటున్నారు. మనం ఎవరికెంత అప్పున్నామో, వేళకి కడుతున్నామో లేదో అన్నీ అందులో ఉంటాయట. నాకేం భయం? జన్మలో అప్పు చేసినవాణ్ణి కాను. దర్జాగా సంతకం పెట్టాను.

డిసెంబరులో బ్రోఫీ అనే ఆయన ఇల్లు చూశాం. కింది వాటా, ఒక్క మెట్టు లేదు. వంటింట్లోకి ఎండ వస్తుంది. మీ అమ్మ కేల్ ఆకు సూప్ గిన్నె ఎక్కడ పెట్టాలో కూడా చూసుకుంది. మర్నాడు నేనొక్కణ్ణే వెళ్ళాను. బ్రోఫీ కంప్యూటర్లోకి చూసి బుర్ర గోక్కున్నాడు.

"పెద్దాయనా, మీకు పడవ ఇంజను ఎందుకండీ?"

"ఏ పడవ?"

"అలాస్కాలో, కోడియాక్‌లో. ఇంజను కోసం అప్పు తీసుకున్నారుగా?"

"నేను బస్సెక్కితేనే వాంతి చేసుకుంటాను బాబూ!"

"పిల్లల సామాను దుకాణం క్రెడిట్ కార్డు కూడా ఉంది. ఈ వయసులో తొట్టె కొన్నారా? మీరు మామూలోళ్ళు కాదు!" అని పకపకా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "ఏమీ అనుకోకండి. మీ పెన్షన్‌కి ఈ అప్పులు చాలా ఎక్కువ. ఇల్లు ఇవ్వలేను" అన్నాడు.

నేను ఏమీ అనుకోలేదు. నిజంగానే ఏమీ అనుకోలేకపోయాను. కోడియాక్ అనే మాట ఒక్కటే చెవుల్లో ఉంది. బయటికొచ్చి బస్‌స్టాపులో కూర్చున్నాను. రెండు బస్సులు వచ్చాయి, పోయాయి. గ్లవుజుల్లో ఉన్నవి నా చేతుల్లా లేవు.

ఇల్లు ఇవ్వనన్నవాళ్ళు రిపోర్టు కాపీ అడిగే హక్కు మనకి ఉందని చెప్పాలట. బ్రోఫీ చెప్పాడు. చర్చి హాల్లో ముసలివాళ్ళకి కాగితాల పని చేసిపెట్టే ఒడీలియా దాన్ని తెప్పించి నాకు విప్పి చెప్పింది.

"మీ పేరే మీ అబ్బాయికి పెట్టారు. ఇద్దరికీ ఒకప్పుడు ఇదే ఇల్లు. రిపోర్టు తయారుచేసే కంపెనీవాళ్ళు ఇద్దరినీ ఒక్కరే అనుకున్నారండీ. ఇదిగో, ఈ కాగితం మీద సంతకం పెట్టండి. అబ్బాయివన్నీ మీ ఫైల్లోంచి తీసేస్తారు."

"తీసేస్తే మళ్ళీ కనబడవా?"

"కనబడకూడదనే కదండీ తీయించేది!"

నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ వాళ్ళ నాన్న పేరు పెడదామంది. పెద్దకొడుక్కి తండ్రి పేరే ఉండాలని నేను మొండికేశాను. ఆ మొండితనం ఇన్నాళ్ళకి నిన్ను చూపించింది. వీధి పేరు, ఇంటి నంబరు, అన్నీ ఉన్నాయి. పడవ ఉంది నీకు! మా తాత చేపలు పట్టాడు, మా నాన్న పట్టాడు, నేనే మిల్లులో పడ్డాను. పైగా ఆ పిల్లల సామాను దుకాణం! లైబ్రరీ అమ్మాయిని అడిగాను, అక్కడేం అమ్ముతారని. "తొట్టెలు, పాలసీసాలు, బుల్లి మేజోళ్ళు, ఇవే తాతగారూ" అంది. ఆ పిల్ల మామూలుగా అన్న మాటే. నాకు మాత్రం ఎవరో పట్టాభిషేకం చేసినట్టయింది. తాతనట!

ఇక మీ నాన్న చేసిన పని చెప్పాలి.

సంతకం పెట్టకుండా ఆ కాగితం కోటు జేబులో పెట్టుకున్నాను. లైబ్రరీకి వెళ్ళి మళ్ళీ మళ్ళీ ఆ రిపోర్టు తీయిస్తూ వచ్చాను. అందులో నీ అప్పు కింద నెలకో గడి ఉంటుంది. డిసెంబరు గడిలో 'సకాలంలో చెల్లింపు' అని ఉంది. అంటే నా కొడుకు డిసెంబరులో బతికే ఉన్నాడు. జనవరిలోనూ అదే మాట. ఆ కాగితం మడిచి చర్చిలో కొవ్వొత్తి వెలిగించి వచ్చాను. ఫిబ్రవరి గడిలో 'ఆలస్యం' అని పడింది. మార్చిలోనూ అంతే.

ఆ మాట చూసి ఇంకో ఇద్దరు ఇల్లు లేదన్నారు. వాళ్ళకి అందులో అద్దె ఎగ్గొట్టేవాడు కనిపించాడు. నాకు నువ్వు నీళ్ళలో కనిపించావు, ఆసుపత్రిలో కనిపించావు. అన్నం తింటున్నాను, నిద్రపోతున్నాను, పిట్టకి గింజలు వేస్తున్నాను. ఏడుపు రాదు. దవడకి మత్తు సూది వేశాక నోరు ఉంటుందే, ఒళ్ళంతా అలా ఉంది. మీ అమ్మతో మాత్రం "ముసలివాళ్ళకి ఎవరూ ఇవ్వడం లేదు" అని చెబుతూ వచ్చాను.

నీ చిరునామా మూడు నెలలుగా నా దగ్గర ఉంది నాయనా. ఒక్క ముక్క రాయలేదు. రాసిన ఉత్తరం 'ఇక్కడ ఎవరూ లేరు' అని తిరిగొస్తే? గడులు చూసుకుంటూ ఉంటే నువ్వు ఉన్నావు. అది చాలనుకున్నాను.

నిన్న మధ్యాహ్నం మీ అమ్మ పళ్ళాలు పేపర్లో చుడుతూ, "ఇల్లు దొరక్కపోతే మనల్ని వృద్ధాశ్రమంలో చెరో గదిలో పెడతారట. ఒడీలియా చెప్పింది" అంది. గొంతు మామూలుగానే ఉంది. చుడుతూనే ఉంది. నేనిక ఉండలేకపోయాను, అంతా చెప్పేశాను.

"వాడి ఇంటి నంబరు నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"డిసెంబరు నుంచి."

చేతిలో పళ్ళెం కింద పెట్టింది. కొడుతుందేమో అనుకున్నాను. "చేతులు పడిపోయాయా ఏమయ్యా? ఉత్తరం రాయలేకపోయావా?"

"తిరిగొస్తే ఏం చెయ్యను దియోలిందా?"

"తిరిగొస్తే మళ్ళీ రాస్తాం. గళ్ళు చూసుకుంటూ కొడుకుని పెంచుతావా? వాడు కట్టకపోతే ఎందుకు కట్టలేదో అడగాలి గానీ, వచ్చే నెల గడి కోసం కూర్చుంటారా ఎవరైనా? అప్పులవాడు కూర్చుంటాడు, తండ్రి కూర్చోడు!" తర్వాత కుర్చీలో కూలబడి, పేపరు మడతలు సరిచేసింది. "తొట్టె అన్నావు కదూ?" అంది.

ఈ పొద్దున ఒడీలియా కాగితం మీద సంతకం పెట్టాను. కవరు అంటించి బల్లమీద ఉంచాను. అది చేరాక నీ పడవ, నీ దుకాణం కార్డు, నీ గడులు అన్నీ నా రిపోర్టులోంచి పోతాయి. నెల పడుతుందట. నా పేరు శుభ్రపడ్డాక బ్రోఫీ మళ్ళీ చూస్తానన్నాడు, ఆ వాటా ఇంకా ఖాళీగానే ఉంది. ఆ తర్వాత నువ్వు ఎలా ఉన్నావో నాకు ఏ కంపెనీ చెప్పదు. నువ్వే చెప్పాలి.

అప్పుల సంగతి రాయకు. ఎందుకు వెళ్ళావో కూడా రాయకు. ఒంట్లో బాగుందా, పిల్లా పిల్లాడా, పళ్ళు వచ్చాయా, ఇవి రాయి. ఈ ఇంటికి రాయకు, మేం ఉండకపోవచ్చు. చర్చి హాలుకి, ఒడీలియా పేరున రాస్తే మాకు చేరుతుంది. చిరునామా కవరు వెనక ఉంది.

ఇంత సంతోషంలోనూ కళ్ళు పొడిగానే ఉన్నాయి. నువ్వు రాస్తే అవే తడుస్తాయిలే.

మీ అమ్మ కోటు తొడుక్కుని గుమ్మంలో నిలబడింది. రెండు కవర్లూ తనే పోస్టుడబ్బాలో వేస్తుందట, ఆ మోకాలితోనే. నేను వేస్తానంటే చెయ్యి చాపి, "ఇటివ్వు" అంటోంది. నన్ను నమ్మడం లేదు.

ఇట్లు,
నిన్ను దీవిస్తూ,
మీ నాన్న
పెద్ద బెలార్మినో