ఇంకో విమానం

ఆదివారం, పద్మారావు నగర్

పుట్టుకతోనే చెవులు వినపడని మా వదిన, పది నెలల మా పాప స్నేహకి అన్నం పెడుతూ సైగలు నేర్పుతోంది. రెండు చేతుల వేళ్ల కొసలూ తాకిస్తే "ఇంకా కావాలి" అని. అత్తయ్యకది నచ్చదు. "చేతులతోనే అన్నీ దొరికితే నోరెందుకు తెరుస్తుందే?" అంటారు. నాకూ ఆ భయం లేకపోలేదు.

సాయంత్రం డాబా మీద, స్నేహ అత్తయ్య చంకలో ఉండగా, బేగంపేట వైపు ఒక విమానం దిగింది. అది కనుమరుగవగానే పిల్ల ఆకాశం వంక చూసి వేళ్లు కలిపింది. వదిన నేర్పింది అన్నానికే కదా! విమానాన్నీ అలా అడగొచ్చని దానికెవరు చెప్పారు?

నేను నోరెళ్లబెట్టి చూస్తుంటే, అత్తయ్య దాని వీపు నిమిరి, "ఉండవే తల్లీ, ఇంకోటొస్తుంది" అన్నారు.

సైగకి తను జవాబు చెప్పినట్టు ఆవిడకి తెలిసిందో లేదో. ముగ్గురం పైకి చూస్తూ నిలబడ్డాం.