మురుగు మడిలో ఎర్రపురుగులు

2016 ఫిబ్రవరి 7, ఆదివారం

ప్రార్థనలో మనసు నిలవలేదు. ఎజ్రా కాళ్లు మోకాళ్ల దాకా పుండ్లు పడ్డాయి. పైనున్న ఫ్యాక్టరీ మురుగు మా ఉప్పుమడిలోకి వచ్చినప్పటి నుంచీ ఇంతే. ఆయింట్‌మెంట్ రాయరా అంటే, ఊరుకోయే అమ్మా, ఉప్పోడి కాళ్లు కలెక్టరు కాళ్లు అవుతాయేటి అని నవ్వుతాడు నా కొడుకు. నాకు నవ్వు రాదు. ఆ ఉప్పు ఏ పిల్ల అన్నంలో పడుతుందో అని ముద్ద దిగదు.

ఫిబ్రవరి 9

మురుగు పక్కకి మళ్లేలా కాలువకి అడ్డుగట్టు వేయించమని మళ్లీ అర్జీ పెట్టాం. రేపు రమ్మన్నారు. వాళ్ల రేపు ఎప్పుడొస్తుందో.

ఫిబ్రవరి 20

మనవరాలు షాలిని హాస్టల్ నుంచి వచ్చింది. ఎమ్మెస్సీ చదువుతోంది. వచ్చీ రాగానే చున్నీ నడుముకి చుట్టి, గాజు సీసా పట్టుకుని మడిలోకి దిగింది. కాళ్లు పాడవుతాయే తల్లీ అని గట్టు మీద నుంచి అరిచాను. వినదు. అంతా తండ్రి పోలిక.

ఉప్పునీళ్లలో ఈదే ఎర్రపురుగుల మీద ప్రాజెక్టట. బుల్లి రొయ్యల్లా ఉంటాయి, నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నవే. ఆర్టీమియా అనాలట. పక్క మళ్లలో ఉన్నవి మనవి కావట, అమెరికావట. రొయ్యపిల్లల మేతకని హేచరీలవాళ్లు డబ్బాల్లో వాటి గుడ్లు తెప్పిస్తే, వదిలేసిన నీళ్లలో కొట్టుకొచ్చి, కొంగల కాళ్లకి అంటుకుని, మడి మడికీ పాకి మనవాటిని తోసేశాయట. మా మడిలోనే మనవి మిగిలాయట. ఎందుకే అంటే, మురుగు వల్లే నానమ్మా, ఆ ఇషం ఆటికి పడదు, మనవి ఓర్సుకుంటన్నాయి అంది.

మనవాటిలో మగవి లేవట. అన్నీ ఆడవే, వాటంతట అవే పిల్లల్ని పెడతాయట. పక్క మడి కూర్మమ్మ అది విని, ఒసే, ఆటికున్న సుకం మనకెక్కడిదే, తాగొచ్చి తన్నేవోడే లేడు అంది.

ఫిబ్రవరి 21

గట్టేస్తే మన పురుగులు ఉండవు, ఆపించు నాన్నా అంది షాలిని. ఎజ్రా కంచం తోసేశాడు. పురుగు బతకాలని నాను కుళ్లిపోవాలా ఏటి అన్నాడు. అది ఏడ్చింది.

ఇద్దరి మాటా నిజమే. అదే నా ఖర్మ. ఒకరైనా తప్పు మాట్లాడితే తిట్టి పడుకుందును.

మార్చి 3

గట్టు వేశారు.

మార్చి 12

మడి తేటపడింది. ఎజ్రా పుండ్లు ఆరుతున్నాయి, దేవుడికి స్తోత్రం. ఇప్పుడు కొంగల బెంగ పట్టుకుంది. తెల్లారితే కర్ర పట్టుకుని గట్టు మీదే కూర్చుంటున్నాను. ఇటు ఒకదాన్ని లేపితే అటు నాలుగు వాలతాయి. వీటికి వేరే ఊరు లేదా? ముసిల్దానికి మతి పోనాది, కొంగల్తో తగువాడతంది అని కూర్మమ్మ ఊరంతా టాంటాం వేసింది.

మార్చి 25, గుడ్ ఫ్రైడే

గుడికి ఆలస్యమైంది. జంటలు జంటలుగా అతుక్కుని ఈదేవి అమెరికావి, సూసి సెప్పు నానమ్మా అని షాలిని ఫోన్ చేసింది. గాజు గ్లాసులో మడి నీళ్లు పట్టి ఎండకి ఎత్తాను. అన్నీ జంటలే. సిగ్గులేనివి. మంచిరోజు పూట ఏం చూడాల్సి వచ్చింది!

గట్టు మూల గుంటలో మాత్రం ఇంకా ఒంటరివే. పాత మురుగు అక్కడ నిలిచింది. ఆ గుంటలో ఉప్పు తీయం. కానీ సముద్రం పోటు వచ్చినప్పుడల్లా తేట నీళ్లు కలిసి అదీ పలచబడుతోంది.

ఏప్రిల్ 2

చేతులకి కవర్లు కట్టుకుని, అడ్డుగట్టు అవతలి నుంచి బిందెడు మురుగు తెచ్చి గుంటలో పోశాను. నాలుగు రోజులుగా ఇదే పని. ఎజ్రాకి దొరికిపోయాను. ఏటే అమ్మా, అర్జీలెట్టి ఆపించిందీ నువ్వే, మోసుకొస్తన్నదీ నువ్వేనా అని కేకలు. ఉప్పు మడిలో పోయడం లేదు కదరా అన్నాను. అయి నీకేటవుతాయి అన్నాడు.

ఏమవుతాయో నాకు మాత్రం ఏం తెలుసు.

ఏప్రిల్ 3

నా చెప్పుల పక్కన ఎజ్రా రబ్బరు బూట్లు పెట్టి వెళ్లాడు. పెద్దవి. లోపల గుడ్డలు కుక్కుకున్నాను.

ఏప్రిల్ 24, ఆదివారం

ఫ్యాక్టరీ మూసేశారట. గుడిలో అందరూ లేచి స్తోత్రం చెప్పారు. నేనూ చెప్పాను.

కాలువ అడుగు కనపడుతోంది. రేపు మురుగు ఎక్కడి నుంచి తేను?