మనస్సాక్షికి పదిహేడు మార్కులు

అంబులెన్స్ డ్రైవరు గారికి,

సంక్షేమ విభాగం నుంచి నమస్కారం. అత్యవసర సేవల సిబ్బంది మనస్సాక్షికి తగిలిన గాయాలను ఈ ఏడాది నుంచి మా విభాగం కొలుస్తోంది. "చేయవలసింది చేయలేకపోయానన్న బాధ ఉంది" అనే ఏడో ప్రశ్నకు సున్నా నుంచి నాలుగు దాకా ఒక అంకె వేయాలి. మీరు పదిహేడు వేశారు. సరిచేసి పంపండి. పత్రం పూర్తయ్యేదాకా మిమ్మల్ని బండి ఎక్కనివ్వరాదని నియమం.

ఇట్లు,
కొలతల గుమాస్తా

తా.క. పత్రం అంచున రెండు చేతులూ ఊపుతున్న మనిషి బొమ్మ ఎందుకు గీశారో తెలియలేదు. బొమ్మలకు మార్కులు లేవు.

---

గుమాస్తా గారికి,

దండాలు. బండి తాళం లాక్కున్నారు. ఇరవై రెండేళ్లుగా బండి తోలినవాణ్ణి, ఇప్పుడు షెడ్డులో కూర్చుని దుప్పట్లు మడతపెడుతున్నాను.

పదిహేడు ఎందుకంటే, అది జరిగి పదిహేడు నెలలైంది. ఎవరికో గుండెపోటని కబురొస్తే పోతున్నాం. పాత వంతెన దిగుతుంటే పక్క అద్దంలో ఒకాయన కనబడ్డాడు. రెండు చేతులూ ఊపుతూ, అరుస్తూ బండి వెనకే పరిగెడుతున్నాడు. ఒక కేసు మీద పోతూ ఇంకొకరి కోసం ఆగకూడదని మా రూలు. ఆగలేదు. తిరిగొచ్చేసరికి ఆయన లేడు. వాళ్లింట్లో ఎవరికేమైందో, బతికారో లేదో! ఆస్పత్రులన్నీ తిరిగి అడిగాను. ముద్ద దిగడం లేదండీ. మా ఆవిడ నన్ను తిట్టడం కూడా మానేసింది, అంటే బాగా ముదిరినట్టే.

ఇట్లు,
డ్రైవరు

తా.క. నాలుగు దాటకూడదంటే ఐదు పత్రాలు పంపండి. నాలుగింటిలో నాలుగేసి, ఐదోదాంట్లో ఒకటి వేస్తాను.

ఇంకో తా.క. ఆ రోజే మా స్ట్రెచరు కూడా ఎవరో కొట్టేశారు. రోగిని వాళ్లింటి కుర్చీలోనే మోసుకొచ్చాం. ఆయన బతికాడు, కుర్చీ కాలు విరిగింది.

---

డ్రైవరు గారికి,

ఒక్కొక్కరికి ఐదు పత్రాలు ఇచ్చే వీలు లేదు. ఈ వివరాలు మాత్రం వెంటనే కావాలి. ఆ మనిషి చొక్కా ఏ రంగు? చేతిలో ఏమైనా ఉందా? ఏమని అరిచాడు?

ఇట్లు,
గుమాస్తా

తా.క. ఈ ప్రశ్నలు పత్రంలో లేవు. మా ఆఫీసరుతో అనకండి.

---

అయ్యా,

అర్థమైంది. కొలతల పేరు చెప్పి కేసు పెడుతున్నారు. పెట్టండి. ఆకుపచ్చ గళ్ల చొక్కా, చంకలో గొడుగు, ఎండకు మెరిసే బట్టతల. "అయ్యో" అన్నట్టుంది, సైరను మోతలో సరిగా వినబడలేదు. తప్పంతా నాదే. నా పక్కన కూర్చున్న అటెండరు ఆపమనే అన్నాడు, వాణ్ణి ఇందులోకి లాగకండి. ఆ మనిషి ఇల్లు తెలిస్తే మాత్రం చెప్పండి. వెళ్లి కాళ్లు పట్టుకుంటాను.

ఇట్లు,
ముద్దాయి

తా.క. జైల్లో డ్రైవర్లకు పని దొరుకుతుందేమో కనుక్కుని రాయగలరు.

---

డ్రైవరు గారికి,

బట్టతల కాదండీ, జుట్టు కాస్త పల్చన.

ఆ మనిషిని నేనే. మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. మీ బండి వెనక తలుపు పైకి లేచిపోయి ఉంది. వంతెన దిగుడులో స్ట్రెచరు జారి, దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా నా కాళ్ల దగ్గర ఆగింది. నేనరిచింది "అయ్యో" కాదు, "తలుపు" అని.

మర్నాడు ఇచ్చేద్దామని ఇంటికి తోసుకొచ్చాను. మా అత్తగారికి నడుం నొప్పి. ఒక్కసారి పడుకుని చూస్తానన్నారు. ఇప్పటిదాకా దిగలేదు.

మీ ఉత్తరం చదివి ఆఫీసులోనే ఏడ్చేశాను. నా గురించి పదిహేడు నెలలు ముద్ద దిగకుండా బెంగపడ్డవాళ్లు మా ఇంట్లో కూడా లేరు. కొత్త పత్రం జతచేశాను. ఏడో ప్రశ్నకు సున్నా వేసి పంపండి, మర్నాడే తాళం మీ చేతికొస్తుంది.

అదే పత్రం ఇప్పుడు నా ముందూ ఉంది. రోగిని కుర్చీలో మోశారని చదివినప్పటి నుంచి నాకూ నిద్ర లేదు. నాలుగు దాటకూడదని నియమం రాసింది నేనే. బీరువాలోంచి ఐదు పత్రాలు తీసుకున్నాను.

ఇట్లు,
మీ గళ్ల చొక్కా

తా.క. ఆదివారం వచ్చి స్ట్రెచరు తీసుకెళ్లండి. మా అత్తగారు దిగనంటున్నారు కాబట్టి, ఆ కుర్చీ కాలు బాగుచేయించి ఉంటే వెంట తెండి.