సుగుణ చూసిన పట్నం

పటాన్‌చెరు,
1969 నవంబరు 2, ఆదివారం.

పొద్దున మంచు బాగా పట్టింది. చలి మొదలైంది. మంచానికి నులక బిగించాను. సుగుణ కొస పట్టుకుని పక్కన కూర్చుంది. కాళ్ళవైపు ఇంకా మిగిలింది, ఈ ఉత్తరం అయ్యాక చూడాలి.

అక్కయ్యకు నమస్కారాలు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావగారి దగ్గు ఎలా ఉంది? గేదె ఈనిందో లేదో నువ్వు రాయలేదు. ఇక్కడ మేం ముగ్గురం వేళకి తింటున్నాం. జ్వరాలేమీ లేవు. ప్రతిసారీ కులాసా అని మొదలుపెట్టేవాణ్ణి. ఈసారి ఆ మాట రాయలేకే ఇన్నాళ్ళు ఆలస్యం చేశాను.

పట్నం ముచ్చట్లు సుగుణ చేత రాయించి పంపమన్నావు. అది రాయదు. దానితోపాటు చూసినవాణ్ణి గనక నేనే రాస్తున్నాను.

నీ చేతిలో పెరిగిన పిల్ల, దాని నోరు నీకు తెలుసు. ఇక్కడికి వచ్చిన కొత్తలో బావి దగ్గర ఆడవాళ్ళు బిందెలు దించి మరీ దాని మాటలు వినేవారు. "ఇంకోపారి అను బిడ్డా" అని నవ్వేవారు. మన వైపువాళ్ళు వెళ్ళిపోవాలంటూ ఎండాకాలంలో లేచిన గొడవలతో ఆ నవ్వు పోయింది. మా వరసలో రెండిళ్ళవాళ్ళు తాళాలు వేసుకుని మన వైపు వెళ్ళిపోయారు. ఒకరోజు మా రేకుల మీద రాళ్ళు పడ్డాయి. నువ్వు కంగారు పడతావని అప్పుడు రాయలేదు. ఎవరు వేశారో నేను చూడలేదు. మర్నాడు డ్యూటీలో అందరూ మామూలుగానే పలకరించారు. ఎవరి మొహం చూసినా ఇతనేనా అనిపించేది.

దసరాకి గొడవలు చల్లబడ్డాయి. పిల్ల ఎన్నాళ్ళనుంచో చార్మినార్ చూపించమంటోంది. సరే వెళ్దాం అన్నాను. పక్కింటి బాలమణి ఇక్కడి మనిషే. రాళ్ళు పడ్డనాడు మమ్మల్ని తన ఇంట్లో కూర్చోబెట్టుకుంది. బయల్దేరుతుంటే ఆమే హెచ్చరించింది.

"పోండ్రి గని, జెర పైలం. బస్సుల మీ మాట విన్నరంటే గుర్తుపడ్తరు. మీరంటే పెద్దోళ్ళు, సైగలతోని నడిపిస్తరు. గీ వసపిట్టనెట్ల ఆపుతరు?"

సుగుణని కూర్చోబెట్టి, మళ్ళీ ఇల్లు చేరేదాకా నోరు విప్పొద్దన్నాను.

"మరి ఆకలేస్తే?" అంది.

పొట్ట చూపించమన్నాను.

"ఏదన్నా బాగుంటే?"

"నా చెయ్యి గిల్లవే" అంది సత్యవతి, కూతుర్ని చూసి నవ్వుతూ. అది ఆటనుకుని పిల్ల గెంతింది.

నిజంగానే ఆటలాగే సాగింది. రెండంతస్తుల బస్సు కనిపిస్తే గిల్లింది. సాగర్ చెరువు నీళ్ళు కనిపిస్తే గిల్లింది. మ్యూజియంలో ఒక గడియారం ఉంది. గంట అయ్యేసరికి అందులోంచి బొమ్మ మనిషి బయటికి వచ్చి గంట కొడతాడు. జనమంతా నేలమీద కూర్చుని ఎదురుచూశారు. బొమ్మ రాగానే పిల్లలందరూ కేకలు పెట్టారు. మన పిల్ల పెదవులు బిగించుకుని తల్లి చెయ్యి ఎర్రగా కమిలేలా గిల్లింది. సత్యవతి ఆ మచ్చ నాకు చూపించి మురిసిపోయింది. మేం ముగ్గురం నవ్వుకున్నది అదే ఆఖరు.

చార్మినార్ చూసి గాజుల బజారులోకి వెళ్ళాం. అక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం. కాసేపటికి సత్యవతి ఆగిపోయి నా వైపు తిరిగింది.

"ఇది నన్ను గిల్లి ఎంతసేపైంది?" అంది.

పక్కన పిల్ల లేదు.

"సుగుణా! ఎక్కడున్నావే తల్లీ! ఒక్కసారి పలకవే!" అని సత్యవతి నడిబజార్లో అరిచింది. మన మాట అందరూ విన్నారు. నేను భయపడినదేదీ జరగలేదు. గాజుల కొట్టు సాయిబు అరుగు దిగి వచ్చాడు. "పరేషాన్ కాకమ్మా, బచ్చీ యాడికీ పోదు. ఏ రంగు గౌను?" అని అడిగి, రిక్షావాళ్ళని తలో దిక్కుకీ పంపాడు.

పొద్దు వాలుతుండగా, ఆ సందు చివర పూలమ్మే ముసలామె దగ్గర దొరికింది. గోనెపట్టా మీద కూర్చుని ఉంది. ఒళ్ళో బంతిపూలు.

"మీ పిల్లనా? మూగదనుకున్ననయ్యా" అంది ముసలామె. "పేరేంది బిడ్డా అంటే రెండు చేతుల్తోని నోరు మూసుకుంటది. మీ ఆమె పిలుస్తుంటే దీనికి వినబడ్డది. లేసి నిలబడ్డది, ఏడ్సింది, గని పలకలే. పిల్లకు గింత భయం పెడ్తరా ఎవరన్న?"

సుగుణని ఎత్తుకుని, ఇక మాట్లాడమ్మా అన్నాను. తల అడ్డంగా ఊపింది. ఇల్లు చేరాక, "ఇల్లొచ్చేసిందే, ఇక ఏమన్నా అను" అని సత్యవతి బతిమాలింది. పిల్ల వెళ్ళి తలుపు గడియ పెట్టి వచ్చింది. అప్పుడు కూడా మాట్లాడలేదు.

అప్పటినుంచీ ఇంతే. తల్లి చెవిలో గుసగుసగా ఒకటి రెండు మాటలు. నాతో అవీ లేవు. డిస్పెన్సరీ డాక్టరు గొంతులో లోపమేమీ లేదన్నాడు. బడిలో హాజరు పిలిస్తే పలకదు. ఇలాగైతే ఇంట్లోనే ఉంచుకోండి అన్నాడు పంతులు. పిల్లలు మూగి అంటున్నారు. బాలమణి రోజూ వచ్చి, "నేనే చెప్తి. నన్ను తిట్టు బిడ్డా, ఒక్కపారి తిట్టు" అని గడ్డం పట్టుకుంటుంది.

ఉద్యోగం మానేసి వచ్చేద్దామని సత్యవతి గోల. అక్కడ నాకు చేసుకోవడానికి పనేమీ లేదని నీకు తెలుసు. అందుకే అడుగుతున్నాను. దీపావళి వెళ్ళాక నువ్వు వచ్చి సుగుణని తీసుకువెళ్ళు. చుట్టూ మన మాటే వినపడితే దానికి మళ్ళీ నోరొస్తుందని నా ఆశ. సత్యవతి ఎలా ఉంటుందో తెలియదు. నేను సర్దుకుంటాను. వచ్చేటప్పుడు చింతకాయ పచ్చడి కాస్త తీసుకురా. మీ అటక మీద ఉన్న సుగుణ కొయ్యబొమ్మ దించి ఉంచు.

బావగారికి నా నమస్కారాలు చెప్పు. మీరిద్దరూ పిల్ల నెత్తిన చెయ్యి పెట్టినట్టే తలుచుకుని దీవించండి.

ఇట్లు నీ తమ్ముడు,
వెంకటేశ్వర్లు.

సంతకం పెట్టాక మళ్ళీ రాస్తున్నాను. మంచం సంగతి చూద్దామని లేచి పెరటి తలుపు దాకా వెళ్ళాను. బాలమణి మేకపిల్ల దగ్గర సుగుణ ఒక్కతే ఉంది. దానితో మాట్లాడుతోంది, పైకి వినపడేలాగే. తలుపు చాటున ఆగిపోయాను.

"ఏందే, గట్ల సూస్తవ్? నేనేడికెళ్ళి వచ్చిన్నంటవా? గీడనే పుట్టిన. మా అమ్మ గీడనే. మా నాన్న ఇక్కడే..."

మన మాట దొర్లగానే అక్కడ ఆగింది. తన చెయ్యి తనే గట్టిగా గిల్లుకుంది. మళ్ళీ మొదటినుంచి అంది.

అక్కయ్యా, నువ్వు రావాలో వద్దో నాకిప్పుడు తెలియడం లేదు. మీ ఊరొస్తే అక్కడ ఈ ఊరి మాట దాచుకుంటుందేమో. సత్యవతిని పిలుద్దామనుకున్నాను, అలికిడైతే పిల్ల ఆపేస్తుందని పిలవలేదు. లోపలికి వచ్చి ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. అది ఇంకా అంటూనే ఉంది.