మీ అన్నయ్య గిటార్‌కు పొట్టి నెక్

మరిదీ,

మీ అన్నయ్య చేతికట్టు విప్పారు. చిటికెన వేలు మాత్రం మునుపటిలా సాగడం లేదు. గిటార్ అమ్మేయమంటున్నారు. మన అమ్మాయి గిటార్‌కు నెక్ మీది ఫ్రెట్ల మెట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, వేలు అందుతుంది. అది వాయించమంటే, “ఈ వయసులో పిల్లల గిటారా? ఆ చేత్తోనే పాలసీసా కూడా కొనిపెట్టు!” అన్నారు.

అందుకని రెండూ పంపుతున్నాను. అమ్మాయి తనకిక అది చిన్నదైపోయిందంది. దాని నెక్ తీసి ఆయన గిటార్‌కు బిగించు. నెక్ దిగే గాడి రెండింటికీ ఒకే వెడల్పు, కొలిచి చూశాను. నెక్ పొట్టిదైతే తీగలు ఆనే బ్రిడ్జ్‌ను ముందుకు జరపాలనీ, లేకుంటే శ్రుతి కుదరదనీ నువ్వే ఒకసారి చెప్పావు.

ఏం మార్చావని ఆయన అడిగితే అబద్ధం చెప్పకు. కానీ ముందు ఒక పాట వాయించనివ్వు.

మీ వదిన