రూతు గడ్డం ఎత్తు కిటికీ

హైదరాబాదు,
ఆదివారం

ప్రియమైన మరియక్కకు, బావగారికి తమ్ముడు దేవదానం వందనాలు. ప్రభువు దయవల్ల నేను బాగానే ఉన్నాను. మీరంతా ఎలా ఉన్నారు? బావగారి దగ్గు తగ్గిందా? నందిగామ ఆసుపత్రిలో చూపించమని మళ్లీ చెబుతున్నాను, విసుక్కోవద్దు.

నీ ఉత్తరం, గౌను కోసం రూతును కొలిచి పంపిన దారం అందాయి. వెంటనే జవాబు రాయలేదు. పని ఎక్కువైందని ఈసారి సాకు చెప్పను. రాయడానికి మొహం చెల్లలేదు.

ఇక్కడ చలి బాగా ఉంది. తిండికి లోటు లేదుగానీ నోరు చప్పబడిపోయింది. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త కందిపొడి పంపు.

పార్కులో పిల్లల మ్యూజియం కడుతున్నామని రాశానుగా. వింత కట్టడమక్కా! పిల్లల తలలకు తగులుతాయని ఎక్కడా మూలల్లేకుండా గోడలన్నీ గుండ్రంగా తిప్పించారు. మెట్లకు బదులు ఏటవాలు బాట. ఒక వేపచెట్టును కొట్టలేక దానికోసం కప్పుకే పెద్ద కన్నం వదిలారు. జగ్గయ్యపేటలో పని నేర్చుకునేటప్పుడు నేనిలా గోడ వంకర తిప్పితే మా మేస్త్రీ వీపు చీరేసేవాడు.

కిటికీలు వయసుకొక ఎత్తున ఉంటాయి. ఒకదాని దగ్గర ఇంజనీరుగారు నన్ను పిలిచి, "ఐదేళ్ల పిల్ల గడ్డం ఆనించి బయటికి చూడాలి మేస్త్రీ. నీకూ ఆ వయసు కూతురుందన్నావుగా, ఎత్తు నువ్వే పెట్టు" అన్నారు. నేను పొంగిపోయి, ఆలోచించకుండా తొడ మీద చెయ్యి పెట్టి చూపించాను. నందిగామలో బస్సెక్కుతుంటే రూతు నా కాలు వాటేసుకుని గడ్డం ఆనించింది అక్కడే. ఆ ఎత్తుకే కట్టాను.

నిన్న తోటమాలి తన కూతుర్ని తీసుకొచ్చాడు. రూతు ఈడుదే. పాపం, నడుం వంచి బయటికి చూడాల్సి వచ్చింది. ఇంజనీరుగారు నవ్వి, "మీ ఊళ్లో పిల్లలు పెరగరా మేస్త్రీ?" అన్నారు.

"పెరుగుతారండి. నేనే చూళ్లా" అన్నాను. ఆయన మళ్లీ నవ్వలేదు.

అందరూ వెళ్లాక నీ దారం తెచ్చి నేల నుంచి పైకి పట్టి చూశాను. మెడ దగ్గర నువ్వు వేసిన ముడి కిటికీ అంచుకు జానెడు పైన ఆగింది. అక్కడే కూర్చుండిపోయాను.

రూతు వాళ్లమ్మ పోయినప్పుడు "రెండు నెలలు ఉంచుకో అక్కా" అని దాన్ని నీ ఒళ్లో పెట్టి వచ్చాను. రెండు క్రిస్మసులు దాటాయి. ఒకసారి స్లాబు పని అన్నాను, ఒకసారి జ్వరం అన్నాను. స్లాబు నిజం, జ్వరం అబద్ధం. నన్ను చూసి నీ చెంగు వెనక దాక్కుంటుందేమోనని భయమేసింది. బావగారిని "నాన్నా" అంటోందని రాసి, నేను బాధపడతానని "చిన్నపిల్ల కదా" అని కూడా రాశావు. దాని తప్పేముందక్కా? పెంచుతున్నవాడినే పిలుస్తోంది.

ఆ కిటికీ అంతకంటే చిన్నపిల్లలకు పనికొస్తుంది, పక్కన మరొకటి పెట్టమన్నారు ఇంజనీరుగారు. పిల్లను చూసొచ్చి కడతానని సెలవడిగాను. ఇచ్చారు. శనివారం బస్సుకు వస్తున్నాను. దాన్ని నీ దగ్గర్నుంచి లాక్కుపోవడానికి కాదు, కంగారుపడకు. నాన్న వస్తున్నాడని కూడా చెప్పొద్దు. కొలతలు తీసుకునే మేస్త్రీ వస్తున్నాడని చెప్పు చాలు.

పెద్దమ్మకు, పాస్టరుగారికి నా వందనాలు. నాకోసం ప్రార్థన చేయండి.

మీ దీవెనలు కోరే తమ్ముడు,
దేవదానం

గౌను గుడ్డ కొన్నాను, పువ్వులది. కుట్టించలేదు. నీ దారం వచ్చి నెలయింది, అది ఈపాటికి ఇంకాస్త పెరిగి ఉంటుంది.